సముద్రానికి వీపు పెట్టండి: నెల్లూరు తీరం నుంచి గళ్ళ బొమ్మ దాకా

మైపాడు బీచ్‌కి బొమ్మ వేద్దామని వెళ్ళినవాళ్ళు చాలామంది చేసే పని ఒకటే. ఇసుకలో కూర్చుంటారు, సముద్రం వైపు తిరుగుతారు. పైన ఒక నీలం, కింద ఒక నీలం, మధ్యలో పడవ. నేనూ నాలుగేళ్ళు అదే వేశాను. ఇంటికొచ్చి గోడకి ఆనించి చూస్తే కిరాణా కొట్టు కేలెండర్‌లా ఉండేది. తప్పు ఎక్కడుందో తెలిసేది కాదు.

ఒక మార్చి నెల పొద్దున ఏడు గంటలప్పుడు ఎండ సూటిగా కళ్ళల్లో కొడుతుంటే భరించలేక వెనక్కి తిరిగి కూర్చున్నాను. వెనకంతా గళ్ళు! రొయ్యల గుంటలు, వాటి మధ్య గట్లు, సరుగుడు తోట నిలువు వరసలు, ఆ వెనక వరి కయ్యలు. అన్నీ మనుషులు పారతో, తాడుతో కొలిచి వేసిన చతురస్రాలూ దీర్ఘచతురస్రాలే. ఎండ ఒక్కో గడిని ఒక్కో రంగులో చూపిస్తోంది. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ, అంటే వస్తువుల పోలిక వదిలేసి ఆకారాలతో రంగులతోనే వేసేది, ఏదో తలలోంచి పుట్టించాలనుకున్నాను నేను. ఇక్కడ సగం పని రైతులూ, ఉప్పు పండించేవాళ్ళూ ముందే చేసిపెట్టారు.

ఈ మార్గదర్శి అంతా ఆ పొద్దున దగ్గర మొదలవుతుంది. మన తీరంలో జామెట్రీని కనిపెట్టక్కర్లేదు, ఏరుకోవాలి. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆ గంట వెలుతురును బట్టి తెలుస్తుంది. ఉదాహరణకి ఒకే బొమ్మ తీసుకుంటున్నాను: అల్లూరు దగ్గరి ఇస్కపల్లి ఉప్పు మడులు, మార్చి నెల, పొద్దున ఏడు, 20×20 అంగుళాల కేన్వాసు, అక్రిలిక్ రంగులు. మీరు కొత్తపట్నం వాళ్ళయితే పడవలూ సరుగుడు తోటలూ పెట్టుకోండి, పద్ధతి మారదు.

ముందు వేళ, తర్వాతే చోటు

మనది తూర్పు తీరం. చిన్న సంగతిలా ఉంటుంది కానీ బొమ్మంతా దీని మీదే నిలబడుతుంది. పొద్దున సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పడవ, మనిషి, తాటిచెట్టు అన్నీ నల్లటి కత్తిరింపులు. నీళ్ళు తెల్లగా మిరుమిట్లు. అంటే రెండే రెండు టోన్లు. అదే క్షణంలో వెనక్కి తిరిగితే సూర్యుడు మీ వీపు మీద ఉంటాడు. వస్తువుల నీడలు వాటి వెనక్కి పోతాయి, మీకు దాదాపు కనపడవు. ప్రతి గడీ తన సొంత రంగుతో, చదునుగా, అంచు కోసినట్టు కనిపిస్తుంది. గళ్ళ బొమ్మకి కావలసింది ఈ చదునే. సాయంత్రం అంతా తిరగబడుతుంది. అప్పుడు సముద్రం వైపు చూడండి: ఒడ్డున అలల్లో గోధుమ రంగు పట్టీ, ఆ అవతల పచ్చటి పట్టీ, ఆపైన నీలం. పెన్నకు నీళ్ళొచ్చిన నవంబరు, డిసెంబరుల్లో ఊటుకూరు వైపు ఆ గోధుమ పట్టీ ఇంకా వెడల్పవుతుంది.

మధ్యాహ్నం వద్దు. ఏప్రిల్ చివర్లో, మళ్ళీ ఆగస్టు మధ్యలో మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ అన్నీ వెలిసిపోయినట్టు ఉంటాయి. మీకూ వడదెబ్బ తగులుతుంది.

ఇంకొక లెక్క కూడా చూసుకోవాలి. సూర్యుడు సముద్రం మీద ఒకేచోట లేవడు. జూన్‌లో బాగా ఉత్తరానికి, డిసెంబరులో బాగా దక్షిణానికి జరుగుతాడు. మన అక్షాంశంలో ఆ రెండు చోట్ల మధ్య సుమారు 48 డిగ్రీల తేడా. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు అనుకోండి, దాదాపు అయిదు పిడికిళ్ళు. కాబట్టి జనవరిలో సగం వేసిన స్కెచ్‌ని జూన్‌లో అదే చోటికి పోయి పూర్తి చేద్దామంటే కుదరదు. గట్టు నీడ వేరే పక్కన పడి ఉంటుంది. వేళ కూడా మారుతుంది. జూన్‌లో 5:45 ప్రాంతంలో పొడిచేది జనవరిలో 6:35 దాటితే గానీ రాదు. స్కెచ్ మూలన తేదీ, టైము రాయడం అలవాటు చేసుకోండి. నేను రాయని స్కెచ్‌లు ఒక పెట్టెడు ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు.

ఉప్పు మడులకి ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మంచి కాలం. వానలొస్తే గళ్ళన్నీ కలిసి ఒకటే చెరువు. వరి కయ్యలయితే నాట్ల కాలంలో వెళ్ళండి: ఒక కయ్యలో అద్దంలాంటి నీళ్ళు, పక్కదానిలో లేత పచ్చ, ఆ పక్కన నారుమడి ముదురు పచ్చ. మార్చి, ఏప్రిల్ కోతలప్పుడు అదే చోటు గడ్డి రంగు దుప్పటి. ఉప్పు మడుల్లోకి దిగేముందు అక్కడ పని చేసేవాళ్ళని అడగండి. గట్ల మీద అడ్డదిడ్డంగా నడిస్తే గట్టు తెగుతుంది, వాళ్ళ కష్టం నీళ్ళపాలవుతుంది.

శుభలేఖ కిటికీ

ఇంట్లో పాత శుభలేఖ ఉంటుంది కదా, ఆ మందపాటి అట్ట తీసుకుని మధ్యలో 2×2 అంగుళాల చతురస్రం కోయండి. వెనకవైపు పైకి పెట్టుకోండి, లేకపోతే మెరుపు అచ్చు కళ్ళని లాగేస్తుంది. ఒక కన్ను మూసి, ఆ కిటికీలోంచి చూస్తూ మెల్లగా అటూ ఇటూ జరపండి. దగ్గరికి తెస్తే ఎక్కువ చోటు కనిపిస్తుంది, దూరం జరిపితే తక్కువ.

చతురస్రమే ఎందుకు? అడ్డంగా పొడుగున్న కేన్వాసు చూడగానే కన్ను దాన్ని ప్రకృతి దృశ్యం అనుకుంటుంది. ఎక్కడ ఒక అడ్డగీత వేసినా అది దిగంతం అయిపోతుంది. చతురస్రంలో ఆ అలవాటు కొంత తెగుతుంది. ఇది నా అభిప్రాయమే, కాదనేవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు కళ్ళు చికిలించండి. బాగా, రెప్పలు కలిసేదాకా. రంగులు పోయి ముదురు, లేత మాత్రమే మిగులుతాయి. ఏ రెండు గళ్ళు కలిసి ఒకటైపోయాయో చూడండి. అవి మీ బొమ్మలో కూడా ఒకటే గడి. చికిలించినా విడిగా నిలబడినవే మీకు కావలసిన ఆకారాలు. ఇస్కపల్లిలో నాకు మిగిలినవి అయిదు: ఆకాశం, సరుగుడు తోట, నీళ్ళు ఆరబెట్టే పెద్ద మడులు, ఉప్పు తేలే చిన్న మడులు, ముందున్న ఉప్పు రాశి. పాక, సైకిలు, కరెంటు స్తంభం, కొంగలు అన్నీ పోయాయి. కొంగలు పోయినందుకు కొంచెం బాధపడ్డాను.

తీసెయ్యడం ఎంతవరకు?

ఇక్కడ ముగ్గురు పెద్ద చిత్రకారులు పనికొస్తారు. పీట్ మాండ్రియన్ 1914, 1915ల్లో డచ్ తీరంలో డోంబర్గ్ అనే ఊళ్ళో సముద్రాన్నీ, అందులోకి చొచ్చుకుపోయిన కట్టనీ చూసి, చివరికి చిన్న చిన్న అడ్డగీతలూ నిలువుగీతలూ మాత్రమే ఉంచాడు. నీటి కదలిక అడ్డగీతల్లోకి, కట్ట నిలువుగీతల్లోకి పోయాయి. రంగే లేదు. రిచర్డ్ డీబెన్‌కార్న్ 1967లో కాలిఫోర్నియాలో సముద్రం పక్కనే మొదలుపెట్టిన ఓషన్ పార్క్ వరసలో దానికి ఎదురు పని చేశాడు. పెద్ద పెద్ద లేత రంగు పలకలు, వాటి మీద చెరిపేసిన గీతలు కూడా కనపడేట్టు. మన దేశంలో నస్రీన్ మొహమెదీ, 1937లో పుట్టి 1990లో పోయింది, బరోడాలో పాఠాలు చెప్పింది. పెన్సిలూ ఇంకూ పెట్టి సన్నటి గీతలే గీసింది. ఆమె తీసిన ఫొటోల్లో సముద్రపు ఒడ్డులు, నేత మగ్గం మీది దారాలు కనిపిస్తాయి.

ముగ్గురూ ఒక్కొక్కటి ఉంచుకుని మిగతాది వదిలేశారు. మీరూ మొదటి బొమ్మకి ఒకటే ఎంచుకోండి: గీతా, రంగు పలకా, ముదురు-లేతా? మూడూ ఒకే బొమ్మలో సాధిద్దామనుకుంటే ఏదీ రాదు. ఈ ఉదాహరణలో నేను రంగు పలకలు పట్టుకుంటున్నాను.

నోట్‌బుక్‌లో అరగంట

చోటు దగ్గర రంగులు తీయొద్దు. సముద్రపు గాలికి అక్రిలిక్ పేలెట్ మీదే ఎండిపోతుంది, ఇసుక అంటుకుంటుంది. పెన్సిలూ నోట్‌బుక్కూ చాలు. 2 అంగుళాల చతురస్రాలు ఆరు గీసుకుని, ఒక్కోదాన్లో అయిదు నిమిషాల్లో ఒక్కో అమరిక వేయండి. ప్రతి గడిలో 1 నుంచి 5 దాకా ఒక అంకె రాయండి. 1 అంటే కాగితం తెలుపు, 5 అంటే పెన్సిల్ నలుపు. రంగు గుర్తులు మాటల్లో రాయండి, మీ సొంత మాటల్లో. నా పుస్తకంలో "మజ్జిగ", "తడిసిన సిమెంటు", "జామపండు లోపల" అని ఉంటాయి. "లైట్ బ్లూ" అని రాసుకుంటే ఇంటికొచ్చాక అది ఏ లైట్ బ్లూనో దేవుడికి తెలియాలి.

ఒక సంగతి గమనించండి, రంగులు కలిపేటప్పుడు చాలా పనికొస్తుంది. మీ కాళ్ళ దగ్గరున్న మడిలోకి చూస్తే నీళ్ళ అడుగున బురద కనిపిస్తుంది. దూరపు మడిలో అడుగు కనపడదు, ఆకాశం ప్రతిబింబమే. నీటిని ఏటవాలుగా చూసేకొద్దీ అది అద్దంలా మారుతుంది. కాబట్టి అవే నీళ్ళు, అదే లోతు ఉన్నా దగ్గరి వరస మట్టి రంగు, దూరపు వరస ఆకాశం రంగు. బొమ్మలో లోతు రావడానికి వేరే తంటాలు పడక్కర్లేదు, ఈ మార్పు ఒక్కటి చాలు. మరొకటి: ఉప్పు బాగా చిక్కబడ్డ మడి గులాబీ రంగుకి తిరుగుతుంది. అంత ఉప్పులోనూ బతికే సూక్ష్మజీవుల రంగు అది. ఎవరూ నమ్మరు గానీ వేయండి.

నేను స్కెచ్ వేస్తుంటే పొడవాటి కర్రకి పలక బిగించిన పనిముట్టుతో ఉప్పు లాగుతున్న ఒకామె ఆగి, భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏంది నాయనా, ఈ గళ్ళు?"

"మీ మడులేనమ్మా."

కాసేపు చూసింది. "మావే గానీ లెక్క తప్పినావు. నడిచే గట్టు లావుగా ఉంటాది. మడికీ మడికీ నడాన ఉండేది జానెడే. నువ్వు అన్నీ ఒకటే లావు ఏసుండావు."

ఆ మాట విలువ ఇంటికొచ్చాక తెలిసింది. నా గళ్ళ బొమ్మలన్నీ నిర్జీవంగా ఉండడానికి కారణం అదే. అన్ని గీతలూ ఒకే మందం. మా ఆవిడ వాటిని గళ్ళ లుంగీలనేది, అందులో తప్పేమీ లేదు. అప్పటి నుంచి మూడు మందాలు పెట్టుకున్నాను: నడిచే గట్టు ముప్పావు అంగుళం, మడుల మధ్య గట్టు పావు అంగుళం, ఉప్పుకీ నీటికీ మధ్య అంచుకి అసలు గీతే లేదు.

సామాన్లు

కాటన్ కేన్వాసు, జెస్సో (రంగు బాగా పట్టడానికి ముందు వేసే తెల్లటి పూత) పూసి అమ్మేదే తీసుకోండి. కామెల్ గానీ ఫెవిక్రిల్ గానీ ఏదైనా పరవాలేదు, మొదట్లో ఖరీదైనవి వద్దు. రంగులు ఆరే: టైటేనియం వైట్ (ఇది పెద్ద ట్యూబు, ముందు అయిపోయేది ఇదే), అల్ట్రామెరైన్ బ్లూ, థాలో బ్లూ, యెల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా, క్రిమ్సన్. నలుపు కొనొద్దు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియన్నా కలిపితే వచ్చే ముదురు, ట్యూబు నలుపు కంటే బతికి ఉంటుంది. ఒక అంగుళం చదును బ్రష్షు, అర అంగుళంది, పావుది. మ్యాట్ మీడియం (అక్రిలిక్‌లో కలిపే, రంగూ మెరుపూ లేని బంక) ఒక డబ్బా. మాస్కింగ్ టేపు అర అంగుళం, ఒక అంగుళం. టేపు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. కారణం కిందుంది.

గీతలు, దారంతో

కేన్వాసు మీద నల్ల పెన్సిల్ గీత లేత రంగులోంచి పైకి కనిపిస్తుంది. మా వీధిలో ఒకప్పుడు షాపులకి బోర్డులు రాసే పెద్దాయన ఉండేవాడు. ఆయన దగ్గర చూసి నేర్చుకున్నది ఇది. గట్టి నూలు దారానికి చాక్‌పీసు పొడి పట్టించండి. నీలం చాకయితే బాగా కనిపిస్తుంది. రెండు కొసల్నీ కొలత గుర్తుల మీద బిగించి పట్టుకోండి, ఒకవైపు ఇంట్లోవాళ్ళ సాయం కావాలి. మధ్యలో రెండు వేళ్ళతో దారాన్ని ఎత్తి వదిలితే టప్పున తగిలి నిటారు గీత పడుతుంది. తప్పు పడితే పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పెద్దాయన పది అడుగుల బోర్డుకి స్కేలే వాడేవాడు కాదు.

నా కొలతలు పైనుంచి కిందికి: ఆకాశం 3 అంగుళాలు, సరుగుడు తోట ముప్పావు, ఆరబెట్టే పెద్ద మడులు నాలుగుంపావు, ఉప్పు తేలే మడులు 8, ముందున్న ఉప్పు రాశీ నేలా 4. మొత్తం 20. ఆ 8 అంగుళాల్లో మూడు వరసలు: కిందిది 4, దాని పైది రెండున్నర, ఆ పైది ఒకటిన్నర. గళ్ళని ఏటవాలుగా కొయ్యలేదు, అన్నీ నిటారు దీర్ఘచతురస్రాలే. ఎత్తు తగ్గుతూ పోవడంతోనే దూరం తెలుస్తుంది. మడులు పైనుంచి చూసినట్టు, ఆకాశం ఎదురుగా చూసినట్టు ఉంటాయి. రెండు చూపులు ఒకే బొమ్మలో. భయపడకండి, కన్ను ఒప్పుకుంటుంది.

నిలువు గట్లు వేసేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఒక్కో వరసలో ఒక్కోచోట వేస్తే బొమ్మ ఇటుక గోడ అయిపోతుంది. అన్నీ ఒకే వరసలో నిలబెడితే కిటికీ చువ్వలు. కాబట్టి ఒక్క గట్టుని మాత్రం, ఆ ముప్పావు అంగుళం నడిచే గట్టుని, మూడు వరసల్లోంచీ పైదాకా సాగనివ్వండి. మిగతావి అటూ ఇటూ జరగొచ్చు. ఆ గట్టు మధ్యలో ఉండకూడదు. నేను ఎడమ అంచు నుంచి 7 అంగుళాల దగ్గర పెట్టాను. ఏటవాలు గీత కావాలనిపిస్తే ఒక్కటే, బకింగ్‌హామ్ కాలువ దగ్గర వేసే బొమ్మయితే కాలువని అలా వేయొచ్చు. రెండోది వేశారంటే రెండూ కొట్టుకుంటాయి.

రంగులు కలపడం

తీరిగ్గా కూర్చోండి, ఒక పూట దీనికే పోతుంది. ఐస్‌క్రీం చెంచా ఒక పాలు అనుకుని లెక్క రాసుకోండి. ప్రతి రంగూ చిన్న మూతడబ్బాలో కలిపి పెట్టుకోవాలి. మధ్యలో అయిపోతే మళ్ళీ అదే రంగు రావడం కష్టం.

దూరపు మడుల నీలి బూడిద: తెలుపు 6, అల్ట్రామెరైన్ 1, బర్న్ట్ సియన్నా అర. దగ్గరికి వచ్చేకొద్దీ దీనిలోనే సియన్నా పెంచుతూ పొండి. వరసకి ఒక అర చెంచా చొప్పున పెంచితే మూడో వరసకి మట్టి నీళ్ళు వచ్చేస్తాయి. వేరే రంగు కలపొద్దు. ఒకే కుటుంబంలోంచి రావాలి.

గులాబీ మడి: తెలుపు 8, ఓకర్ 1, క్రిమ్సన్ అగ్గిపుల్ల కొనంత. గట్లు: సియన్నా 2, అల్ట్రామెరైన్ 1, తెలుపు 3. సరుగుడు తోట: ఓకర్ 3, సియన్నా 1, థాలో బ్లూ పావు. థాలోతో జాగ్రత్త, అది అడుగుపెడితే ఇల్లంతా తనదే అంటుంది. ముందు ఓకర్ వేసి అందులోకి థాలో కలపాలి గానీ థాలోలోకి ఓకర్ కాదు. తోట ఇంకా ముదరాలంటే కొంచెం అల్ట్రామెరైన్. ఆకాశం: తెలుపు 10, ఓకర్ 1, క్రిమ్సన్ చుక్క. అవును, నీలం లేదు. మార్చిలో పొద్దున్నే దిగంతం దగ్గర ఆకాశం మజ్జిగ రంగులోనే ఉంటుంది, మంచు పొర వల్ల. నమ్మకం లేకపోతే అట్ట కిటికీలోంచి చూసి రండి.

ఉప్పు? అందరూ ట్యూబులోంచి తెలుపు తీసి పులిమేస్తారు. అప్పుడది ఉప్పులా కాదు, బొమ్మలో చిల్లులా ఉంటుంది. తెలుపు 12, ఓకర్ అర, ఆ నీలి బూడిద కొంచెం కలపండి. స్వచ్ఛమైన తెలుపుని ఒకే ఒక్క చోటుకి దాచుకోండి: రాశి మీద ఎండ తగిలే చిన్న త్రికోణానికి. మిగతా తెలుపులన్నీ కాస్త మాసి ఉంటేనే అది వెలుగుతుంది.

తడి అక్రిలిక్‌ని నమ్మొద్దు. అందులో ఉండే బంక తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక గాజులా అవుతుంది. అందుకని రంగు ఆరేసరికి ఒక మెట్టు ముదురుతుంది. ప్రతి రంగునీ జెస్సో పూసిన అట్ట ముక్క మీద రాసి, ఫ్యాన్ కింద ఆరనిచ్చి, అప్పుడు చూడండి. ఆ ముక్కలన్నీ కత్తిరించి నేల మీద బొమ్మలో వచ్చే వరసలో పేర్చండి. ఇక్కడ ఒక తమాషా జరుగుతుంది. గులాబీ ముక్క విడిగా చూస్తే లేత గోధుమలా ఉంటుంది, నీలి బూడిద పక్కన పెట్టగానే గులాబీ అవుతుంది. గట్టు ముక్క పక్కన పెడితే మళ్ళీ పోతుంది. జోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడు 1950 నుంచి ఏళ్ళ తరబడి చతురస్రంలో చతురస్రం వేస్తూ కూర్చున్నది ఈ సంగతి కోసమే: రంగు ఒంటరిగా ఉండదు, పక్కింటివాళ్ళని బట్టి మారుతుంది. కాబట్టి రంగు నచ్చకపోతే ముందు దాని పక్కదాన్ని మార్చి చూడండి.

చివరగా ఆ వరసని ఫోన్‌తో ఫొటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌కి మార్చండి. మీ స్కెచ్‌లో రాసుకున్న 1 నుంచి 5 అంకెలతో సరిపోలాలి. నా మొదటి పేర్పులో గులాబీ, నీలి బూడిద రెండూ ఒకే బూడిదై కూర్చున్నాయి. గులాబీలో ఇంకో రెండు చెంచాల తెలుపు వేశాను.

టేపు

ముందు కేన్వాసు మొత్తానికి ఒక పలుచటి పూత, గట్టు రంగుతో. గట్లని తర్వాత గీయక్కర్లేదు, టేపు అంటించి కాపాడుకున్న చోటల్లా అవే మిగిలిపోతాయి. ఇది పూర్తిగా ఆరాలి. చేతి వెనకభాగం ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

ఒక అక్టోబరులో, ముసురు పట్టిన వారంలో, పైకి ఆరిందని నేను టేపు వేశాను. ఒక స్టేషనరీ షాపులో చవగ్గా వచ్చిన టేపు. రెండు రోజుల తర్వాత లాగితే కింది పూత మొత్తం అరచెయ్యంత వెడల్పున తోలులా లేచి వచ్చింది. మిగిలినచోట జిగురు. వానాకాలంలో మన తీరం గాలిలో తేమ ఎంత ఉంటుందో మనకి తెలుసు, బట్టలే ఆరవు. అలాంటి రోజుల్లో ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఆగండి.

టేపు వేశాక అంచు మీద చెంచా వెనకభాగంతో గట్టిగా రుద్దండి. తర్వాత చాలామంది చెయ్యనిది ఒకటి ఉంది: టేపు అంచు వెంబడి మ్యాట్ మీడియం గానీ, కింది గట్టు రంగే గానీ పలుచగా పూసి ఆరనివ్వండి. టేపు కిందికి కారే సందులేమైనా ఉంటే అదే వెళ్ళి మూసేస్తుంది. అప్పుడు మడి రంగు వేస్తే అంచు బ్లేడుతో కోసినట్టు వస్తుంది. ఒకటే మందపు పూత వద్దు, రెండు మూడు పలుచటివి, బ్రష్షు టేపు మీంచి లోపలికి లాగుతూ. చివరి పూత పూర్తిగా ఆరకముందే టేపుని దాని మీదకే మడిచి, ఏటవాలుగా, నెమ్మదిగా లాగండి.

అన్ని అంచులూ కోసినట్టు ఉండక్కర్లేదు. ఉప్పు రాశికీ నేలకీ మధ్య నేను టేపు లేకుండా చేత్తోనే లాగాను. పదునైన అంచుల మధ్య ఒక్క మెత్తటి అంచు ఉంటే కన్ను అక్కడికి వెళ్ళి కూర్చుంటుంది.

వెలుతురు పూత

ఇప్పటికి మీ దగ్గర శుభ్రమైన గళ్ళు ఉంటాయి, కానీ ఏ గంటో తెలియదు. మ్యాట్ మీడియం ఎనిమిది చెంచాల్లో ఓకర్ ఒక చెంచాలో పావు కలపండి, టీ డికాక్షన్‌లా పారదర్శకంగా ఉండాలి. పెద్ద బ్రష్షుతో ఉప్పు మడుల కుడి సగం మీద, గళ్ళని దాటుకుంటూ, ఒక పెద్ద దీర్ఘచతురస్రంలా వేయండి. దాని కింద ప్రతి గడీ కొంచెం వెచ్చబడుతుంది, ఎడమ సగం చల్లగా ఉంటుంది. మబ్బు నీడ సగం మడుల మీంచి తొలిగినప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఈ పూత గట్ల గీతలతో కలవకూడదు, వాటిని అడ్డంగా దాటాలి. భూమి గీతలు వేరు, వెలుతురు గీత వేరు.

ఇక ఆపే సంగతి. బొమ్మని తలకిందులుగా గోడకి ఆనించి రెండు రోజులు వదిలేయండి. టీ తాగుతూ పోతూ వస్తూ చూడండి. ప్రతిసారీ కన్ను ఒకే గడి దగ్గర తట్టుకుంటుంటే ఆ గడి ఒక్కటి మార్చండి. ఎక్కడా తట్టుకోకపోతే, అదీ అనుమానమే, మరీ మర్యాదగా ఉందేమో. అప్పుడు నేను సరుగుడు పట్టీని ఒక మెట్టు ముదురు చేస్తాను. చాలాసార్లు అదే సరిపోతుంది.

వార్నిష్‌కి రెండు వారాలు ఆగండి, మ్యాట్‌దే వాడండి. మెరుపుదయితే ట్యూబులైటు ప్రతిబింబం మడుల్లో కనిపిస్తుంది. పడమటి ఎండ తగిలే గోడకి తగిలించొద్దు.

బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్ళకి ఒక మాట. అక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది. ఒక మే నెలలో రెండు కేన్వాసుల్ని ముఖాముఖి పెట్టి బీరువా పక్కన నిలబెట్టి ఊరెళ్ళాను. వచ్చేసరికి రెండూ అతుక్కుపోయాయి. విడదీస్తే ఇస్కపల్లి ఆకాశం ఊడి మైపాడు గుంటల మీదకి వచ్చేసింది. మధ్యలో బటర్ పేపర్ పెట్టండి.